ఆస్మా నాలుగు సెమిస్టర్లు, నా మూడు రిమైండర్లు

మా ముత్తాత రామచందర్‌రావు హవేలిఘనపూర్ అవతల పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రం మీద ఉన్నంతసేపు ఊళ్లో ఎవరూ కూర్చునేవారు కాదని, ఆయన దిగి లోపలికి వెళ్లాక కూడా చాలాసేపు కూర్చునేవారు కాదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. మా తాత వెంకటకిషన్‌రావు షేర్వాణీ తొడుక్కొని హైదరాబాదు దివాన్‌ఖానాల్లో కూర్చున్న మనిషి. ఆయన ఉర్దూ దస్తఖతు చూడటానికే మున్షీలు కాగితాలు పట్టుకొని వచ్చేవారట. మా నాన్న మాధవరావు ఏ పనీ చేయలేదు. సోమరితనం కాదు, ఆయన స్థాయికి తగిన పని ఈ లోకంలో మిగలలేదు. భూములు కొన్ని సీలింగు చట్టంలో, కొన్ని కోర్టు కేసుల్లో పోగా, ఆయన కోటలాంటి మా గడి వాకిట్లో కుర్చీ వేసుకొని వెన్ను నిటారుగా పెట్టి పేపరు చదివేవారు. ఆ వెన్ను నాకు వారసత్వంగా వచ్చింది. వచ్చినవాటిలో చెప్పుకోదగ్గది అదొక్కటే.

ఆ వెన్నుతోనే నేను మెదక్ పట్టణంలో ఒక డిగ్రీ కాలేజీ అడ్మిషన్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయాను. వెనకాల నన్ను అందరూ "దొర సారు" అనేవారు. అది మర్యాద అని మొదటి పదేళ్లు నమ్మాను.

ఇప్పుడు ఆ సెక్షన్‌లో ఇద్దరు కొత్తగా చేరారు. "సార్, మీ అనుభవం జర రాసియ్యుండ్రి, మాకు పనికొస్తది" అని అడిగారు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఇంక్రిమెంట్ ఎందుకు ఆగింది అన్నవి వాళ్లకు అక్కర్లేదు. నేను చేసిన తప్పులు అక్కరకొస్తాయి. వాటి నిల్వ నా దగ్గర బాగానే ఉంది.

ఈ కుర్చీలో అసలు పని

ఇంటర్ పాసై నేరుగా వచ్చే విద్యార్థితో మనకు పెద్ద పని లేదు. మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, ఫొటో. ఇప్పుడు అదంతా కంప్యూటరే చేస్తుంది, నాకంటే మర్యాదగా చేస్తుంది.

కంప్యూటర్‌లో పట్టనివాళ్ల కోసం మన కుర్చీ ఉంది. ఇంకో కాలేజీలో సగం చదివి వచ్చినవాళ్లు, ఇంకో రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు, ఇంకో దేశంలో చదివి వచ్చినవాళ్లు. వాళ్లు చేతిలో సగం కట్టిన ఇల్లు పట్టుకొని వస్తారు. ఆ గోడలు ఉంచాలా, కూల్చి మళ్లీ పునాది తీయాలా అన్నది మనం తేల్చాలి. టీసీ అంటే పాత కాలేజీ వదిలిందని. మైగ్రేషన్ అంటే పాత యూనివర్సిటీ వదిలిందని. క్రెడిట్ అంటే ఒక పేపరుకు ఎన్ని గంటలు కూర్చుని పాసయ్యారో దాని కొలత. ఈక్వలెన్సీ అంటే అక్కడి చదువు ఇక్కడి చదువుతో సమానమని ఒప్పుకోవడం. ఇంతే. మిగతాదంతా సంతకాలు, ముద్రలు.

ఇంత చిన్న పనిని నేను ఎంత పెద్దది చేశానో చెప్తాను.

ఒక్కో లోపానికి ఒక్కో బస్సు

ఉద్యోగంలో చేరిన కొత్తలో బీదర్ నుంచి బసవరాజు అనే పిల్లవాడు వచ్చాడు. అక్కడ బీకాం మొదటి ఏడాది అయింది, మేనమామ ఇక్కడ ఉన్నాడు, రెండో ఏడాది ఇక్కడ చదువుతానన్నాడు. దరఖాస్తు చూశాను. "టీసీ ఒరిజినల్ లేదు" అని తిప్పి ఇచ్చాను. రెండు రోజులకు తెచ్చాడు. "మైగ్రేషన్ లేదు" అన్నాను. వారానికి తెచ్చాడు. "మెమో మీద అటెస్టేషన్ లేదు" అన్నాను. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తెచ్చాడు. "సిలబస్ కాపీ?" అన్నాను.

అయిదోసారి వాళ్లమ్మను తీసుకొని వచ్చాడు. ఆమె నా టేబుల్ ముందు సంచీ దింపి, నడుం మీద చేయి పెట్టుకొని నిలబడింది.

"ఇంకేమేం తక్కువున్నయో అన్నీ ఒకటే పారి చెప్పు సామీ. నాకు బస్సెక్కితే వాంతులు. ఇంకో పారి రాలేను."

ఈ మాట అటుగా పోతున్న ప్రిన్సిపాల్ చెవిన పడింది. ఆయన పేరు యాదగిరి. శివ్వంపేట వైపు తాళ్లెక్కి కల్లు గీసే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదట బడికి వెళ్లిన మనిషి. నన్ను గదిలోకి పిలిచాడు.

"రఘుపతిరావుగారూ, ఒక్కొక్కటి ఎందుకు చెప్తున్నరు?"

"మొదటి లోపం కనబడంగనే ఫైలు మూసేయాలె సార్. అది పద్ధతి."

"ఎవలు పెట్టిండ్రు గా పద్ధతి?"

నిజానికి ఆ పద్ధతి మా గడిది. అర్జీ పట్టుకొని వచ్చినవాడికి దొర ఒక్క మాట చెప్పి లోపలికి వెళ్లిపోయేవాడు, మిగతాది విడమరిచి చెప్పేందుకు మున్షీ ఉండేవాడు. నాకు మున్షీ లేడన్న సంగతి నేను మరిచిపోయాను, అంతే.

యాదగిరి సార్ నన్ను తిట్టలేదు. మర్నాడు కాలేజీకి సంబంధించిన ఒక కాగితం తెమ్మని జిల్లా ఆఫీసుకు పంపాడు. అక్కడి గుమాస్తా నా కాగితం చూసి "ముద్ర సక్కగ లేదు" అని తిప్పి పంపాడు. ముద్ర సరిచేసి తీసుకెళితే "తేదీ లేదు" అన్నాడు. తేదీ వేసి తీసుకెళితే "గీ సెక్షన్ కాదు, గా పక్కది" అన్నాడు. నేను తిరిగొచ్చిన ప్రతిసారీ యాదగిరి సార్ ఒకటే అడిగేవాడు. "వచ్చిందా?"

నాలుగోసారి చెమటలు కక్కుతూ వచ్చి "రాలేదు సార్" అన్నాను.

"ఇంకేం తక్కువుందట?"

"చెప్పలేదు సార్."

ఆయన నవ్విన నవ్వుకు సాసరులో చాయ్ ఒలికిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, బయటి నుంచి వచ్చే విద్యార్థికి కావలసిన కాగితాలన్నీ ఒకే పెద్ద కాగితం మీద రాసి కిటికీ పక్కన అతికించాను. మీరు చేరినప్పుడు చూసిన ఆ జాబితా అదే. అక్షరాలు బాగున్నాయని మీరు మెచ్చుకున్నారు. వాటి వెనక ఒక తల్లి బస్సు వాంతులున్నాయి.

బస్టాండ్ వెనక పుట్టిన విదేశీయుడు

తర్వాత కొన్నేళ్లకు దీపక్ అనే పిల్లవాడు పన్నెండో తరగతి మార్కుల కాగితం పట్టుకొని వచ్చాడు. అది నేపాల్ బోర్డుది. నాకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. అన్నేళ్లలో నాకు దొరికిన మొదటి విదేశీ విద్యార్థి. బీరువాలోంచి విదేశీ విద్యార్థుల నిబంధనల పుస్తకం దుమ్ము దులిపి తీశాను. మా ఇంట్లో దొరవారు లేచి నిలబడింది తెల్లదొరలకు మాత్రమేనని చెప్పుకునేవారు. ఆ సంప్రదాయం ప్రకారం ఆ పిల్లవాడికి కుర్చీ చూపించి ఇంగ్లీషులో మొదలుపెట్టాను. పాస్‌పోర్టు, వీసా, పోలీసు రిజిస్ట్రేషన్, ఆర్థిక హామీ పత్రం.

అతను చివరిదాకా విని, "సార్, జర తెలుగుల చెప్పుండ్రి. నేను గీ బస్టాండ్ ఎనుకనే పుట్టిన" అన్నాడు.

వాళ్ల నాన్న బస్టాండ్ దగ్గర నూడుల్స్ బండి నడిపేవాడు. పిల్లవాడు పదో తరగతి దాకా ఇక్కడే చదివాడు, నాయనమ్మకు తోడుగా రెండేళ్లు నేపాల్‌లో ఉండి వచ్చాడు. ఆ వివరమంతా విని కూడా నేను వీసా అడిగాను. రెండు వారాలు అడిగాను. చివరకు మా చరిత్ర లెక్చరర్ "నేపాలోళ్లకు మన దేశంల వీసా ఎందుకు సార్?" అన్నాడు. అప్పుడు పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాను. అక్కడ అదే రాసి ఉంది.

ఆ పిల్లవాడికి కావలసింది ఒక్కటే. అక్కడి పన్నెండో తరగతి మన ఇంటర్‌తో సమానమని చెప్పే ఈక్వలెన్సీ పత్రం. దానికి దరఖాస్తు పెట్టించడానికి పది నిమిషాలు పట్టింది. మనిషి ఎక్కడివాడు అన్నది పోలీసు స్టేషన్ అడిగే ప్రశ్న. ఏం చదివాడు అన్నది మన ప్రశ్న. మన ప్రశ్న వదిలేసి వాళ్లది అడిగేటప్పుడు మనకు చాలా గొప్పగా అనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే అనుమానపడండి.

మస్కట్ వానపాము

ఇక అసలు సంగతి. నేను దిగిపోవడానికి ఆరు నెలలుందనగా గౌస్ భాయ్ అనే ఆయన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన మస్కట్‌లో ఏసీ మెకానిక్. కంపెనీ మూతపడి, కుటుంబమంతా మెదక్‌కు తిరిగొచ్చింది. కూతురు ఆస్మా అక్కడ ఒక యూనివర్సిటీలో జీవశాస్త్రం డిగ్రీ నాలుగు సెమిస్టర్లు పూర్తి చేసింది. మిగిలిన రెండు సెమిస్టర్లు, అంటే చివరి ఏడాది, ఇక్కడ చదవాలి.

"సాబ్, ఉన్నదున్నట్టు చెప్త" అన్నాడు గౌస్ భాయ్. "ఒక్క సాలైతే సదివిస్త. మళ్ల మొదటికెళ్లి మూడేండ్లంటే నాతోని కాదు. ఇంట్ల ఇంక ఇద్దరు చిన్నోళ్లున్నరు."

ఆస్మా కళ్లద్దాలు సవరించుకొని, వరుసగా పిన్ను కొట్టిన కాగితాలు నా ముందు పెట్టింది. ఎవరి దగ్గరా అంత శుభ్రమైన ఫైలు నేను చూడలేదు.

విషయం నాకు స్పష్టంగా అర్థమైంది. నాలుగు సెమిస్టర్లు లెక్కలోకి వస్తే ఈ అమ్మాయి డిగ్రీ చేస్తుంది. రాకపోతే ఇంట్లో కూర్చుంటుంది.

ఆమె మార్కుల జాబితా, మా సిలబస్ పక్కపక్కన పెట్టుకున్నాను. వాళ్ల పేపరు పేరు "జీవుల వైవిధ్యం". మా జాబితాలో అలాంటి పేపరు లేదు. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టాను. "జీవ ప్రక్రియలు", అదీ లేదు, ఇంకో ఇంటూ. అలా ఏడు ఇంటూలు కొట్టి, పని పూర్తయిందన్న తృప్తితో కూర్చున్నాను. జువాలజీ చెప్పే సుజాత మేడమ్ ఏదో సంతకం కోసం వచ్చి ఆ కాగితం చూసింది.

"ఏంది సార్ గీ ఇంటూలు?"

"మన సిలబస్‌ల లేవమ్మా ఈ పేపర్లు."

"పేరు లేదు సార్. లోపల ఏమున్నదో చూసిండ్రా?" ఆమె ఆస్మా తెచ్చిన సిలబస్ పేజీలు తిప్పింది. "గీ యూనిట్ల ఉన్నది వానపాము. మనం మొదటి సెమిస్టర్ల చెప్పేది గీ వానపామే. మస్కట్‌కు పోతే వానపాము కులం మారుతదా?"

సెక్షన్ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఆమె రెండు సాయంత్రాలు కూర్చుని యూనిట్‌కు యూనిట్ పక్కన రాసి, ఏడు ఇంటూల్లో అయిదు కొట్టేసింది. మిగిలిన రెండింటికీ బదులు మన పర్యావరణం, రెండో భాష పేపర్లు ఆస్మా ఇక్కడ అదనంగా రాసుకోవాలి. పేర్లు పోల్చడం గుమాస్తా పని, లోపల ఏముందో పోల్చడం టీచరు పని. క్రెడిట్ ఫైలు టీచరు చేతిలో పడకుండా పైకి పంపకండి. ఇది నేను దిగిపోయే ఏడాది నేర్చుకున్నాను.

ఆ ప్రతిపాదన యూనివర్సిటీ ఈక్వలెన్సీ సెక్షన్‌కు పంపాం. నాలుగు సెమిస్టర్లు సమానమని వాళ్లు ఒప్పుకుంటే అయిదో సెమిస్టర్‌లో రిజిస్టర్ చేయొచ్చు.

మూడు రిమైండర్లు

పది రోజులకు జవాబు వచ్చింది. మా అటెండరు సాయిలు కవరు చింపి, ఉత్తరం నా ముందు పెట్టి, కింద సంతకం మీద వేలు పెట్టాడు. సాయిలుది మా పక్క ఊరు.

"గీ మల్లేశం ఎవలో ఎర్కనా సార్ మీకు? మీ ఊరోడే. మీ గడిల పోచయ్యని ఉండె గద, వెట్టి చేసెటోడు. గాయన మన్మడు. పెద్ద ఆఫీసరైండు."

నేను ఉత్తరం మొదటి వాక్యం చదివాను. "మీరు పంపిన ప్రతిపాదనలో ఈ క్రింది లోపములు గమనించడమైనది." అక్కడితో ఆపాను. పోచయ్య మనవడు నా ఫైలులో లోపాలు గమనించాడు. ఉత్తరం మడిచి ఫైలులో పెట్టాను.

ఆ తర్వాత నేను చేసినది రాయడానికి సిగ్గుగానే ఉంది, రాస్తాను. ఆయనకు ఇంగ్లీషులో ఒక రిమైండరు పంపాను. విషయం త్వరగా తేల్చమని. పది రోజులకు ఇంకొకటి. ఇంకో వారానికి మూడోది. ప్రతి ఒక్కటీ అంతకు ముందుదానికంటే పొడుగు. మూడోదానిలో వాడిన మాటలు మా తాత వకీలు వాడేవి. వ్యాకరణం ఒక్కచోట కూడా తప్పలేదు. ఫోను మాత్రం చేయలేదు. ఆ మనిషికి నేనే ఫోను చేసి, "నేను ఫలానా" అని చెప్పుకుని, ఒక పని అడగాలి. అది నా వల్ల కాలేదు.

గౌస్ భాయ్ ప్రతి సోమవారం ఆస్మాతో వచ్చేవాడు.

"సాబ్, యూనివర్సిటీకెళ్లి ఏమన్న వచ్చిందా?"

"రిమైండర్ పంపినం. పై నుంచి రావాలె."

"నేను బోయి అడిగొస్త సాబ్. బండి ఉంది నా తాన. ఎవలను కలవాల్నో జర చెప్పుండ్రి."

"అట్ల మీరు పోవద్దు. ఆఫీసు ద్వారానే నడవాలె."

నాలుగో సోమవారం ఆస్మా నోరు విప్పింది.

"ఆఫీసంటే మీరే కద సార్. మీరు పోవచ్చు కద?"

"చూద్దాం."

"నెల సంది చూస్తనే ఉన్నరు సార్. మీకు గా సారంటే భయమా?"

"చుప్, ఆస్మా!" అన్నాడు తండ్రి.

"భయమా? మా వంశంలో..." అని మొదలుపెట్టాను. ఆ వాక్యానికి ముగింపు నా దగ్గర లేదని మధ్యలో తెలిసింది. వెనక సాయిలు దగ్గినట్టు చేశాడు. ఆస్మా నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడి ఉంది.

వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. అయిదో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ గడువు అంతకు ముందు శుక్రవారమే దాటిపోయింది. నేను వాళ్లకు ఇంకా చెప్పలేదు.

"రేపు నేనే పోతున్న" అన్నాను.

చాయ్ తాగుతరా సార్

మర్నాడు పొద్దున హైదరాబాదు బస్సెక్కాను. నర్సాపూర్ అడవి దాటేదాకా సాధన చేశాను. ఆ మనిషి నన్ను నిలబెట్టే మాట్లాడతాడు, అప్పుడు నేను ఫలానా మాట అంటాను. పాత సంగతులు తీస్తాడు, అప్పుడు ఇంకో మాట అంటాను. గౌరవం చెడని జవాబులు మూడు సిద్ధం చేసుకున్నాను.

మల్లేశం నలభై దాటిన మనిషి. పొట్టి చేతుల చొక్కా, ముక్కు చివర కళ్లద్దాలు, ముందు ఫైళ్ల గుట్ట. నేను కాలేజీ పేరు చెప్పగానే తలెత్తాడు.

"కూసోండ్రి సార్."

"పర్వాలేదు" అని నిలబడ్డాను.

"నాకు మెడ నొప్పి సార్. పైకి చూసుకుంట మాట్లాడలేను. జర కూసోండ్రి."

నా మూడు జవాబుల్లో ఏదీ దీనికి సరిపోలేదు. కూర్చున్నాను. ఆయన మా ఫైలు తీశాడు.

"మీ రిమైండర్లు మూడు అందినయ్ సార్. మస్తు ఇంగ్లీషు. మా సెక్షన్ల పోరలు డిక్షనరీ ముంగటేసుకొని చదివిండ్రు. గని నేనడిగినవే రాలే."

"మీరేం అడిగారు?"

ఆయన నావైపు విచిత్రంగా చూసి, తన ఉత్తరం నకలు తిప్పి చూపించాడు. మొదటి వాక్యం కింద రెండు లోపాలున్నాయి. సిలబస్ ప్రతి పేజీ మీద మా ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర లేవు. మస్కట్ యూనివర్సిటీ గ్రేడ్ల అర్థం చెప్పే పేజీ జతచేయలేదు. వాటి కింద ఇంకో వాక్యం, దాని పక్కన ఆయన సొంత ఫోను నంబరు. "విద్యార్థిని చివరి సంవత్సరంలో చేరవలసి ఉన్నందున, ఆలస్యము కాకుండా ఈ నంబరుకు ఫోను చేయగలరు."

"నేను ఇది చూడలేదు" అన్నాను.

"చూడలేదా, చదవలేదా సార్?"

గ్రేడ్ల పేజీ, నేను వెంట తీసుకెళ్లిన ఆస్మా మార్కుల కాగితం వెనకవైపే ఉంది. తిప్పితే కనబడింది. సంతకాల కోసం సుజాత మేడమ్‌కు ఫోను చేశాను. ఆమె ప్రిన్సిపాల్ చేత పేజీ పేజీకి పెట్టించి, స్కాన్ చేసి పంపింది. నెలన్నరగా ఆగిన పని భోజనాల గంటకు ముందే అయిపోయింది. నాలుగు సెమిస్టర్లు సమానమని మల్లేశం నోటు రాసి పైకి పెట్టాడు.

"గని రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది గద సార్. ఆలస్యం మాఫీ చేయమని కాలేజీ రాయాలె. గిదో ఫారం. కారణం గీడ రాయుండ్రి."

నేను రాశాను. "అనివార్యమైన పరిపాలనా కారణముల వలన."

ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు. "అందరు గిదే రాస్తరు సార్. పై సారు గీ మాట కనబడితే పక్కకు పడేస్తడు. పిల్లది తప్పైతే మాఫీ లేదు. పిల్లది కాదంటే ఎవలిదో తెల్వాలె."

ఇంకో ఫారం తీసుకొని రాశాను. "కళాశాల కార్యాలయంలో జరిగిన సమాచార లోపము వలన."

"కార్యాలయం అంటే గోడలా సార్? గోడలు తప్పు జేస్తయా? మనిషి పేరు రాయుండ్రి."

"పేరు రాస్తే నాకు మెమో వస్తది. నాలుగు నెలల్ల రిటైర్ అయితున్న."

"వస్తది సార్" అన్నాడు ఆయన. గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు. "రాయకుంటే పిల్లకు ఒక సాలు పోతది. ఏది జేస్తరో మీరే చూసుకోండ్రి. నేను గీ ఫైలు జూస్తుంట."

ఆయన నిజంగానే ఇంకో ఫైలు చూడటం మొదలుపెట్టాడు. నేను పెన్ను పట్టుకొని కూర్చున్నాను. మా ఇంట్లో తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం నాకు తెలిసి లేదు. ఎదుటివాళ్ల చేత రాయించుకున్నవి మాత్రం పెట్టెడు ఉండేవి. వాటిలో చాలావాటి కింద వేలిముద్రలే. ఒకటి రెండు పోచయ్యవి అయి ఉండొచ్చు.

ఆ అమ్మాయికి ఏడాది పోతే తండ్రి మళ్లీ చదివించడు. ఆ సంగతి ఆయన మొదటి రోజే దాచకుండా చెప్పాడు.

రాశాను. "యూనివర్సిటీ పంపిన లేఖను నేను పూర్తిగా చదవలేదు. అందువలన ఆలస్యమైనది. ఇందులో విద్యార్థిని తప్పు లేదు." కింద పూర్తి పేరు రాసి సంతకం చేశాను. సర్వీసు మొత్తంలో నేను రాసిన అతి చిన్న ఉత్తరం. జవాబు వచ్చింది కూడా దానికే.

మల్లేశం చదివి ముద్ర వేశాడు. అప్పుడు నేనే అడిగాను.

"పోచయ్య మీ తాత కదా?"

"అవు సార్. మీ సంతకం జూసిన్నాడే నాకు మీరెవలో తెలుసు. ఇంటికి బోయి మా అమ్మకు చెప్పిన, గడి దొరలాయన మెదక్ కాలేజీల సూపరెండెంటట అని. 'వాళ్లింక ఉన్నరా?' అన్నది."

నేను నవ్వబోయి ఆగాను. "మీ తాతగారు మా ఇంటి సంగతులు చెప్పేవారా?"

"మస్తు చెప్తుండె సార్. గని మీ ముంగట చెప్పేటివి కావు." ఆయన గంట కొట్టి అటెండర్ను పిలిచాడు. "చాయ్ తాగుతరా?"

తాగాను. బస్సులో తిరిగొస్తూ ఒక్క సంగతి గురించే ఆలోచించాను. నేనెవరో తెలిశాక ఆ మనిషి తన సొంత ఫోను నంబరు రాశాడు. ఆయనెవరో తెలిశాక నేను చదవడం ఆపేశాను. ఇద్దరిలో గడి నుంచి బయటపడింది ఎవరో తేల్చడానికి ఈక్వలెన్సీ కమిటీ అక్కర్లేదు.

మెమో

వారానికి మాఫీ ఉత్తర్వు వచ్చింది. ఆస్మా అయిదో సెమిస్టర్‌లో చేరింది. ఆ సాయంత్రం గౌస్ భాయ్ నా టేబుల్ ముందు నిలబడి "మీరు మస్తు తక్లీఫ్ తీసుకున్నరు సాబ్" అన్నాడు. గడువు దాటింది నా వల్లే అని చెప్పాను. ఆయన ఆశ్చర్యంగా కూతురి వైపు తిరిగాడు. ఆస్మా మాత్రం, "నాకు సమజైంది సార్ ఆ సోమవారమే" అంది.

నా మందలింపు మెమో కూడా వచ్చింది. సాయిలు దాన్ని బోర్లించి నా ముందు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. నేను మొదటి వాక్యం నుంచి నకలు ఎవరెవరికి పంపారో ఆ చివరి వరుస దాకా చదివాను. సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. అందువల్ల నా వీడ్కోలు సభలో ప్రిన్సిపాల్‌కు "మచ్చలేని సేవ" అన్న మాట వాడటం ఇబ్బందైంది. "సుదీర్ఘ సేవ" అన్నాడు. అదైనా నిజమే.

మీరిద్దరూ నన్ను అడిగింది అనుభవం. నా అనుభవమంతా ఒక ఫోను కాల్ చేయకపోవడంలో ఉంది. ఉత్తరం ఎవరు రాశారో చివర్లో చూడండి, ముందు ఏం రాశారో చదవండి. బయటి నుంచి వచ్చే విద్యార్థికి మన దగ్గర ఎవరూ తెలిసినవాళ్లుండరు. పాత కాలేజీ వాళ్లను వదిలేసింది, కొత్తది ఇంకా తీసుకోలేదు. ఆ మధ్యలో వాళ్ల తరఫున నోరు విప్పేది మనమొక్కరమే. మనకు ఆ నోరు విప్పడం నామోషీ అనిపిస్తే, సెక్షన్ మార్పించుకోవడం మంచిది. నేను మార్పించుకోలేదు.

ఆస్మా రెండు అదనపు పేపర్లతో సహా చివరి ఏడాది పూర్తి చేసింది. ఫలితం వచ్చిన రోజు తండ్రీ కూతుళ్లు మా ఇంటికి వచ్చి మార్కుల మెమో చూపించారు. ఇద్దరినీ కూర్చోబెట్టాను. మస్కట్‌లో చదివిన నాలుగు సెమిస్టర్ల క్రెడిట్లు మొదటి వరుసల్లో వేసి ఉన్నాయి, ఇక్కడివి వాటి కింద.

ఆ ఎండాకాలమే మా గడి పెద్ద దర్వాజ అమ్మేశాం. రెండు టేకు రెక్కలు, ఇత్తడి గుబ్బలు, చౌకట్టుతో సహా. హైదరాబాదు శివారులో రిసార్టు కట్టేవాళ్లు క్రేను తెచ్చి, లారీలో వేసుకొని పోయారు.